నాలుగో గడి

కూర్మారావు మాస్టారు నల్లబల్ల మీద రాసి
చేతులు దులుపుకున్నారు:
"మీ దగ్గర పది కోట్లుంటే
ఫ్యాక్టరీ ఏ దేశంలో పెడతారు?"
మా దగ్గర ఒక చార్టు, రెండు స్కెచ్ పెన్నులు.
ఎర్రది సరిగ్గా రాయదు.

ముగ్గురం.
హేమసుందర్ వాళ్ళకి కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీ ఉంది.
ఢిల్లేశ్వరి వాళ్ళమ్మ అందులోనే పిక్క కొడుతుంది.
నేను, చేతిరాత బాగుంటుందని చేర్చుకున్నవాణ్ణి.

దేశాల కోసం అట్లాసు తెరవలేదు.
ఫ్యాక్టరీ వెనక గోడ మీద
ఖాళీ గోనెసంచులు ఆరేసిన చోటికెళ్ళాం.
ఊదారంగు అచ్చులు, ఓడలో చెమ్మకి అలుక్కుపోయి.
టాంజానియా. బెనిన్.
ఒకటి సగమే మిగిలింది, 'గిని' అని.
ఏ గినియా అని కాసేపు తగువు పడి
దాన్నొదిలేసి ఐవరీ కోస్ట్ రాసుకున్నాం,
దాని సంచి చిరగలేదు గనక.
నాలుగోది వియత్నాం. సంచి లేని దేశం.
"మా నాన్న రోజూ తిట్టేది దాన్నే" అన్నాడు హేమసుందర్,
"అక్కడ మిషనే కొడతాది, మిషనే ఒలుస్తాది."

గళ్ళు గీశాను.
ఓడరేవు, కరెంటు, పన్ను, కూలి.
గడికి పదేసి మార్కులు.
మూడు గళ్ళూ ఇంటర్వెల్ లోపే నిండిపోయాయి.
నాలుగోదానికి హేమసుందర్ సూత్రం చెప్పాడు:
"కూలి ఎంత తగ్గితే మార్కులు అంత ఎక్కువ."
వాడి తప్పేం లేదు,
మాస్టారిచ్చిన కాగితంలోనూ అలాగే ఉంది.
ఢిల్లేశ్వరి మాత్రం పెన్నుకి మూత పెట్టేసింది.

సాయంత్రం వాళ్ళింటి అరుగు మీద చార్టు పరిచాం.
తవిటమ్మ అప్పుడే వచ్చి
చేతులకి బూడిద రుద్దుకుంటోంది.
జీడి నూనె తిన్న వేళ్ళు, గోళ్ళ దాకా నలుపు.
"ఏటే ఇది?"
చెప్పాం.
"ఐరికోసా? ఆ పిక్క నాకెరికే.
తడిసొత్తాది, నూనెక్కువ, సెయ్యి కాల్చేత్తాది.
టాంజానీదైతే దెబ్బకి పగుల్తాది, సక్కంది."
నాలుగు దేశాల్నీ ఆవిడ
కంటితో కాదు, చూపుడువేలితో చూసినట్టుంది.

"ఆ దేశాల్లో పిక్కేరినోలికి ఎంతిత్తారు?"
మా కాగితంలో డాలర్లున్నాయి.
రూపాయల్లోకి మార్చాక కూడా
అది రోజుకో, నెలకో మాకు తెలియలేదు.

"మరి మన దేశానికెన్నేసినారు?"
వేయలేదు.
మనది వేయాలని ఎవరికీ తోచలేదు.
అడుగున సన్నటి వరస ఒకటి గీశాను,
స్కేలు జారి కొంచెం వంకరగా.
ఢిల్లేశ్వరి వాళ్ళమ్మని కిలోకెంతని అడగలేదు,
తనకి తెలుసు.
గుణించింది. భాగించింది. వేళ్ళ మీద మళ్ళీ సరిచూసింది.
హేమసుందర్ చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు.
ఎర్ర పెన్ను విదిలించి విదిలించి రాసింది:
పది.

"పదికి పదే!" తవిటమ్మ మొహం విప్పారింది.
"మరి ఏడుపు మొగవేటే? మనమే కదా ఫస్టు!"
దగ్గరగా చూద్దామని వంగి
చార్టు మీద బొటనవేలు ఆనించింది.

మర్నాడు క్లాసులో
బంగాళాఖాతం మీద మాస్టారి బెత్తం ఆగింది.
"ఇక్కడ ఈ నల్లదీవి ఏమిట్రా?"
రబ్బరు పెట్టి రుద్దారు.
చార్టు చిరిగింది గానీ అది పోలేదు.
మేం ముగ్గురం మూడు వైపులకి చూశాం.

పాతికకి పదిహేడొచ్చాయి.
కింద ఆకుపచ్చ సిరాతో, 'ముగింపు రాయలేదు.'

నిజమే, రాయలేదు.
ఆ పది కోట్లూ ఇంకా మా దగ్గరే ఉన్నాయి.