కెటిల్ మీద చెయ్యి

గ్రిమ్స్‌బీ కాలేజీ, మంగళవారం రెండో పీరియడ్.
కిటికీలోంచి సముద్రం కనపడదు, వాసన మాత్రం వస్తుంది,
పొగబెట్టిన హాడక్ చేపలదీ, తడి తాళ్ళదీ.
మిస్ ఆల్డ్‌రిడ్జ్ తెల్లబోర్డు మీద ఐదు మెట్లు గీసింది:
అంతా సవ్యంగా ఉండటం,
అది చెడటం,
చెడిందని ఎవరో కనిపెట్టడం,
బాగుచేయబోవడం,
మళ్ళీ సవ్యం, కానీ మునుపటిది కాదు.

"మీకున్నది రెండు నిమిషాలు," అంది.
"మొదటి రెండు మెట్లే పడతాయి.
మిగతా మూడూ ప్రేక్షకుడికి బాకీ పెట్టండి.
బాకీ రావాల్సినవాడు కుర్చీలోంచి లేవడు."

మేం ముగ్గురం. జార్విస్, కలీనా, నేను.
జార్విస్ దగ్గర కథ ముందే ఉంది:
ముసుగు, కత్తి, డాక్స్‌లో మూతబడ్డ గిడ్డంగి,
గోడ మీద ఎర్రరంగు.
"కాగితం మీద మానసికం అని ఉంది," అన్నాను,
"మాంసం కొట్టు అని లేదు."
రెండు రోజులు నాతో మాట్లాడలేదు వాడు.
ట్రైపాడ్ మాత్రం మోశాడు.

తర్వాత పాత్రల పట్టిక.
నాయిక, విలన్, సాయం చేసేవాడు, పని మీద పంపేవాడు...
ఏడు గళ్ళు, మూడు మొహాలు.
నేను కెమెరా వదలను. జార్విస్ ముసుగు వదలడు.
అలా కలీనా నాయిక అయింది, ఎవరూ అడక్కుండానే.

గురువారానికి నా దగ్గర ఇది తయారైంది:

కాలేజీ నుంచి వస్తుంది. తాళం తీస్తుంది.
ఇంట్లో ఎవరూ ఉండరు, ఉండకూడదు.
కెటిల్ మీద చెయ్యి వేస్తుంది.
వెచ్చగా ఉంటుంది.
కట్.

నా భుజం నేనే తట్టుకున్నాను.
ఒక్క వస్తువు, ఒక్క ప్రశ్న:
నీళ్ళు కాచిందెవరు?
"వెచ్చదనాన్ని ఎలా తీస్తావ్?" అంది మిస్.
"కెమెరాకి కన్నే గానీ చర్మం లేదుగా."
ఆవిరి చూపిస్తే టీ పొడి ప్రకటన అవుతుంది.
అద్దానికి చెమట పట్టిద్దామంటే
ఫిబ్రవరిలో ఈ ఊరి అద్దాలన్నిటికీ చెమటే.
నాలుగు స్టోరీబోర్డులు చింపాను.

కలీనా అప్పటిదాకా రబ్బరుతో గళ్ళ అంచులు చెరుపుతోంది.
తలెత్తకుండా అంది:
"అందులో భయం ఏముంది?"

వాళ్ళమ్మకి చేపల ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు.
మూడున్నర బస్సు.
ఈ పిల్ల నాలుగింటికి ఇల్లు చేరుతుంది.
ఇద్దరూ మెలకువగా ఎదురుపడేది ఆదివారమే.
"కెటిల్ వెచ్చగా ఉంటే అమ్మ టీ తాగే వెళ్ళిందని.
రోజూ చూస్తాను.
కోటు కూడా విప్పను, ముందు అదే చూస్తాను.
చల్లగా ఉంటే కదా..."

అక్కడ ఆపేసింది.
మూడు మెట్లు మాకు బాకీ పెట్టి
మళ్ళీ రబ్బరు అందుకుంది.

జార్విస్ ముసుగు మడిచి సంచీలో పెట్టాడు.

ఇప్పుడు మా ప్లాను ఇది.
సోమవారం: తలుపు, కోటు, చెయ్యి.
చురుక్కుమని వెనక్కొస్తుంది.
మంగళవారం: అదే తలుపు, అదే కోటు.
చూడకుండానే వేస్తుంది, చూడకుండానే తీస్తుంది.
బుధవారం: చెయ్యి వేస్తుంది.
తియ్యదు.

వేడిని తీయలేం.
చెయ్యి తీయకపోవడాన్ని తీయగలం.
ఎనిమిది సెకన్లు, సంగీతం లేదు,
ఫ్రిజ్ మూలుగు ఒక్కటే.

విలన్ గడి ఖాళీ. మార్కులు పోతాయేమోనని
జార్విస్ పెన్సిల్‌తో "బస్సు" అని రాశాడు,
కాసేపు చూసి, చెరిపేశాడు.

షూటింగ్ శనివారం.
వంటగది మాది, సాయంత్రం ఆరు దాకా.
ఫ్రిజ్ తలుపు మీద కలీనా వాళ్ళమ్మ చీటీ:
బూట్లు బయట. పొయ్యి ముట్టొద్దు.
డబ్బాలో బిస్కెట్లు లెక్కపెట్టే ఉన్నాయి.
అడుగున, వేరే పెన్నుతో, తొందర తొందరగా:
నీళ్ళు కాచే వెళ్తున్నాను.
బుధవారం సీను చివర తీసుకోండి.