తాండ్ర మీద కేసు నంబరు

చిత్తూరు కోర్టు ఆవరణలో, కానుగ చెట్టు కింద
తొమ్మిదేళ్ళు నిలబడిన పద్మినిని
వేలంలో పాడుకున్నాను.
నాకు పోటీ పాత ఇనుము కొనేవాడొక్కడే,
వాడు దాన్ని కిలోల లెక్కన చూస్తున్నాడు.

అన్నదమ్ములిద్దరూ "నాదే" అన్న కారు.
ఆ ఇద్దరి వాంగ్మూలాలూ టైపు కొట్టింది నేనే,
నాలుగు కాపీలకు కార్బన్ పెట్టి.
వేలం రోజు ఇద్దరిలో ఒక్కడూ రాలేదు.

ఇంజను పలికింది. బ్రేకులు పట్టాయి.
అద్దమే ముసలిది.
రబ్బరు ఊడిన వైపరు ఇనుపగోటితో గీకి గీకి
అర్ధచంద్రమంత మసక.
రాత్రి మొగిలి ఘాట్లో ఎదురు లారీ లైటు
ఆ గీతల్లో పడి జొన్నపేలాల్లా చిట్లేది.
వాన పడితే నా కుడి మోకాలి మీద
సరిగ్గా ఒకే చోట
చుక్క.

గిరింపేట సందులో గౌస్‌పీర్ షెడ్డు.
అద్దం చుట్టూ బీడింగును బొటనవేలితో నొక్కాడు.
"ఇది రబ్బరు కాదు మా, రాయి."
కత్తి పెట్టి లాగితే వక్కముక్కల్లా రాలింది.
కింద గాడిలో
తొమ్మిదేళ్ళ కానుగపూల పొడి,
చీమలు మోసుకొచ్చిన మట్టి,
ఎవరిదో ఒక జాకెట్టు హుక్కు.
ఆ హుక్కు ఏ వాంగ్మూలంలోనూ లేదు.

స్క్రూడ్రైవరు మొన ఆనించాడో లేదో
రేకు అప్పడంలా దిగబడిపోయింది.
"అద్దం సంగతి తర్వాత.
ముందు దీనికి ఒళ్ళు కావల్ల."
వెల్డింగు మునిరత్నం వచ్చి అతుకేసి
రెడాక్సైడు పూసి, అది ఆరేదాకా
రెండు రోజులు కారు నోరు తెరుచుకుని నిలబడింది.
సందులో పిల్లలు ఆ ఖాళీలోంచి దూరి
డ్రైవరు సీటు కోసం కొట్టుకున్నారు.
"నాదే." "కాదు, నాదే."
నా వేళ్ళు ఊరికే కదిలాయి
టైపు మిషను లేని చోట.

కొత్త రబ్బరు మద్రాసు నుంచి బస్సు పార్సిల్లో వచ్చింది,
చుట్టలు చుట్టుకుని, నల్లగా, బడిసంచి వాసనతో.
కాసేపు ఎండలో పరిచాడు.
కొత్త అద్దానికి తొడిగి, లోగాడిలో
లంగాకు బొందు ఎక్కించినట్టు నైలాను తాడు పోనిచ్చాడు.
సబ్బునీళ్ళు పూసి చట్రానికి ఆనించి
"నువ్వు బయటినుంచి అరచేత్తో తట్టు మా.
కొట్టొద్దు. జోకొట్టినట్టు."
తాను లోపల కూర్చుని తాడు లాగాడు.

రబ్బరు పెదవి అంగుళం అంగుళం
రేకును దాటుకుంటూ వచ్చింది.
కుడిమూల దగ్గర మొరాయించింది.
తాడు వదిలేసి, బీడీ ముట్టించి
ఆ మూలనే చూస్తూ కూర్చున్నాడు.
"తొందరపెడితే పగులుతాది. ఉండనీ."
బీడీ అయిపోయాక మళ్ళీ లాగితే
ప్చ్ మంది, ముద్దులాగా.

బకెట్టు తర్వాత బకెట్టు గుమ్మరించాం.
లోపల నా మోకాలు పొడిగా ఉంది.
అలవాటుకొద్దీ తుడుచుకున్నాను.

"పాతద్దం నాకియ్యి మా" అన్నాడు,
కూలిలో రెండొందలు తగ్గించుకుని మరీ.
కోర్టు బంట్రోతు తెల్లరంగుతో రాసిన నంబరు
కిరసనాయిలుకు రంగు వదిలింది గానీ
ఉబ్బు వదల్లేదు.

తోతాపురి లారీలు
జ్యూసు ఫ్యాక్టరీల ముందు బారులు తీరే రోజుల్లో
హారన్ బాగుచేయించుకోవడానికి మళ్ళీ వెళ్ళాను.
మిద్దె మీద ఆయన భార్య హుసేన్‌బీ
చింతపండుతో తోమిన అద్దం మీద
చిక్కటి మామిడి గుజ్జు పొర మీద పొర పోసి ఆరబెట్టింది.
ఉబ్బు వైపే పైకి. "అట్లయితే నీళ్ళు నిలవవు."

ఒలిచి నా చేతిలో పెట్టిన ముక్క మీద
వైపరు గీతలు సన్నగా లేచి ఉన్నాయి.
పక్కన అంకెలు, గుంతలు పడి, తిరగబడి.
వెలుతురుకెత్తి చదివాను.
ఇ.పి. అరవై ఒకటి.

పుల్లగా ఉంది. ఉప్పు కాస్త ఎక్కువైంది.
ఇంకో ముక్క అడిగాను.