పదో మనిషి

గిరింపేట సందు మొగదల
పెట్రోలు బంకు పక్క గోడ కొలిచి ఇచ్చినారు నాకు.
సున్నం నాదే. కూలి చదరపడుగుకి రెండున్నర.
"ఊరంతా వాడుతోంది ముత్యం పళ్ళపొడి"
అని రాయాల.
అప్పటికింకా ఊళ్ళోకి ఒక్క డబ్బా దిగలా.
లారీ కాట్పాడి కాడే ఆగుండాదని
ఏజెంటు దేవసహాయమే చెప్పినాడు, నవ్వతా.
"నువ్వు రాయి మొగిలప్పా,
ఊరు దానంతటదే వస్తుంది."

రెండో గోడ కట్టమంచిలో.
"పదిమందిలో తొమ్మిదిమంది మెచ్చినది."
తొమ్మిదిని ఎర్రరంగుతో నా అంత ఎత్తున దించినాను.
ఎవరన్నా లెక్కేసినారా సార్, అని
నిచ్చెన మీంచే అడిగినాను.
ఆకులో ఉప్మా తింటా ఉన్నాడాయన, తలెత్తలా.
"పదికి పది అంటే ఎవుడూ నమ్మడప్పా.
ఒకడ్ని వదిలిపెట్టాల.
వాడొకడు ఒద్దన్నాడు కాబట్టే
మిగిలినోళ్ళు నిజమైపోతారు."

ఆ రాత్రంతా వాడే నా కళ్ళల్లో.
ఏ ఊరోడో, ఏం కూలికి పోతాడో,
తొమ్మిదిమంది ముందర నిలబడి
నాకు ఒద్దు అని ఎట్ల చెప్పినాడో.

మురకంబట్టులో తెల్లకోటు డాక్టర్ని వెయ్యమన్నారు.
నాకు తెలిసిన డాక్టర్లెవురూ అంతసేపు నవ్వరు.
టైలరు జబ్బార్ని కూర్చోబెట్టి గీసినాను,
మెడలో టేపునే స్టెతస్కోపు చేసినాను.
వారం తిరక్కుండా అంగడికి
గుండీలు కుట్టించుకునేదానికొచ్చి
పంటినొప్పి చెప్పుకున్నారంట ఇద్దరు ముగ్గురు.
వాడూ, పాపం,
లవంగం పెట్టుకోమన్నాడు.

ఆడబిడ్డల బడికి ఎదురుగోడ మీద మాత్రం
ఒక ప్రశ్న రాయించినారు.
"మీ పాప నవ్వితే పక్కింటోళ్ళు మొగం తిప్పుకుంటారా?"
జవాబు రాయబోతే చెయ్యి పట్టుకున్నాడు దేవసహాయం.
"జవాబు వాళ్ళింట్లో ఉంటుంది."
సాయంత్రం బడి వదిలినాక చూసినాను,
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వతా పొయ్యే పిల్లల్ని.
ముందునించీ అట్లే నవ్వేవాళ్ళో,
నాకే ఆపొద్దు కనపడిందో
ఇప్పటికీ తెలీదు.

ఎండాకాలంలో రసం డబ్బాల కంపెనీ పిలిచింది.
తోతాపురి కాయ వేస్తే, ఆ ముక్కు చెరిపి
గుండ్రంగా, బంగారంగా వెయ్యమన్నారు.
లోపలుండేది తోతాపురే కద సార్ అంటే
లోపల సంగతి గోడకెందుకన్నారు.
బంగారం రంగు అయిపోతే కొనేదానికి పోతా ఉండినాను,
మండీ బయట ట్రాక్టరు దించకుండానే
కాయలన్నీ కాలవలో పారబోస్తా ఉన్నాడొకడు.
ముక్కులతో సహా.

ఒకపొద్దు ఇంటికొస్తే గూట్లో ముత్యం డబ్బా.
ఏం మే వళ్ళెమ్మా, వేప్పుల్లకేమొచ్చింది?
"ఊరంతా వాడుతా ఉంటే మనకేం రోగం?"
ఆ మాట రాసింది నేనే కద మే!
పొయ్యి మీంచి మొగం తిప్పకుండానే అన్నది,
"నువ్వు రాసినావులే.
అబద్ధమైతే అంతంత అచ్చరాలతో
రాయనిస్తారా, నడివీధిలో?"

నేను నవ్వినాను. నవ్వినానే గానీ
మొన్న అంగట్లో రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టినారు.
ఒకదాని మీద బొమ్మ లేదు, పేరు లేదు,
రూపాయిన్నర తక్కువ.
నా చెయ్యి ముత్యం మీదికే పోయింది.
నా చెయ్యే.
గోళ్ళల్లో ఎర్రరంగు కూడా వదల్లేదింకా.

ఇప్పుడు గోడలడిగేవాళ్ళు లేరు,
రాత్రికి రాత్రే ఫ్లెక్సీలు లేస్తా ఉండాయి.
కట్టమంచి గోడ ఒకటి మిగిలింది.
మొన్నటి వానకి పెళ్ళలూడి
తొమ్మిది రాలిపోయింది.
"పదిమందిలో మంది మెచ్చినది"
అని ఉండాదిప్పుడు.
సైకిలాపి కాసేపు నిలబడినాను.
జనం పోతానే ఉండారు, వస్తానే ఉండారు.
ఎంతమంది అని
ఒక్కడూ అడగలా.