మూడువేల నంబరు రేవు

రిచ్చీ స్ట్రీట్‌లో నాలుగువేల ఐదొందలకు దొరికింది,
మూత పగిలి టేపు అతికించిన ల్యాప్‌టాప్.
ఫార్మాట్ చేసివ్వమంటారా అన్నాడు కొట్టతను.
లినక్స్ ఉందిగా, ఉండనీ అన్నాను.
పాస్‌వర్డ్ అడుగున ప్లాస్టర్ ముక్క మీద రాసి ఉంది.

కొళత్తూరులో మా మిద్దె మీద పద్దెనిమిది తొట్లు.
గప్పీలు, ఫైటర్లు, మొన్ననే గుడ్లు పెట్టిన ఏంజెల్ జంట.
ఏ రాత్రి ఏ గాలి మోటారు ఆగిందో
తెల్లారి నీళ్ళమీద తేలినవే చెప్పేవి ఇన్నాళ్ళూ.
ఇకనుంచి ఒక తెర చెప్పాలి.
అదీ నా ఇంట్లోనే ఉండాలి, ఎవరి మబ్బులోనో కాదు.
మబ్బుల్ని నమ్ముకున్న ఊరి గతి
మద్రాసువాళ్ళకు ఒకరు చెప్పాలా!

సెల్వి ఎర్రపురుగులు కడుగుతూ చూస్తోంది.
నేను బాసింపట్టు వేసుకుని ఒక్కో ఆజ్ఞా కొడుతున్నాను.
అనుమతి లేదు, అంది.
డబ్బిచ్చి కొన్న పెట్టె, కరెంటు బిల్లు నాది,
నాకే లేదా?
ముందు సుడో అని చేర్చాను.
పెద్దాయన పేరు చెబితే గేటు తీసే వాచ్‌మన్‌లా
పక్కకు తప్పుకుంది.

ఒక ప్యాకేజీ రావాలంటే ఇంకోటి, దానికి మరోటి,
ఒక్కర్ని పెళ్ళికి పిలిస్తే బస్సు కట్టించుకొచ్చినట్టు.
అందరూ దిగాక, ఆఖర్న:
మూడువేల నంబరు పోర్టు ఖాళీ లేదు.

పోర్టంటే ఈ ఊళ్ళో రేవే కదా.
కాసిమేడు వైపు వెళ్తే కనిపిస్తాయి,
చోటు దొరక్క సముద్రంలోనే నిలబడ్డ ఓడలు.
నాదీ అలాగే నిలబడింది.
మరి లోపల లంగరేసిందెవరు?

వెతికాను.
ఇనియన్ అనే పేరు మీద పదకొండు వరసల చిన్న రాత.
ఐదు నిమిషాలకోసారి ఎక్కడో ఒక యంత్రాన్ని అడుగుతోంది,
ఉన్నావా? ఉన్నావా?
చిట్టా నిండా జవాబు లేదు, జవాబు లేదు.
చాలా పైకి వెళ్తే ఆఖరి జవాబు,
రెండేళ్ళ కిందటి నవంబరు, తెల్లవారుజాము మూడూ పది:
ఇరవయ్యారు డిగ్రీలు.
చేపలకు సరిగ్గా సరిపోయే వేడి.

కిల్ అని కొట్టాను.
జబ్బుచేపని ఏరి పారేసే చెయ్యే ఇదీ, వణకలేదు.
రేవు ఖాళీ అయింది.
పద్దెనిమిది గళ్ళు పచ్చగా విచ్చుకున్నాయి.
చేపలకి జ్వరం చూసే టీవీయా అక్కా, అంది సెల్వి.

రాత్రి వానకి కరెంటు పోయింది.
బ్యాటరీ ఎప్పుడో చచ్చింది పాపం.
రెండింటికి కరెంటొచ్చాక నొక్కి లేపితే
నా గళ్ళు ఒక్కటీ లేవు.
రేవులో మళ్ళీ వాడే,
ఉన్నావా? ఉన్నావా?

పెట్టె లేచిన ప్రతిసారీ తనూ లేవాలని
ఒక వరస ముందే రాసి పెట్టుకున్నాడు ఇనియన్.
నాకది తట్టనే లేదు.
వాడిది చూసి నాది రాసుకున్నాను, చుక్క కూడా పోకుండా.
నా ఓడని మూడువేల ఒకటిలో కట్టుకున్నాను.

ఇప్పుడు పంతొమ్మిది గళ్ళు. చివరిది బూడిద రంగు.
అది ఏ తొట్టక్కా అంటుంది సెల్వి.
ఇరవయ్యారు దగ్గర ఆగిందే, ఆ తొట్టి అంటాను.
అర్థమైనట్టు తలూపి
మేత గిన్నె పట్టుకుని
పద్దెనిమిదీ లెక్కపెట్టుకుంటూ వెళ్తుంది.