వచ్చే ఏడు ఈపాటికి

మల్కాపురం, మూడో అంతస్తు.
ట్యాబు మీద వేలుంచి ఆ పిల్ల అడిగింది:
వచ్చే ఏడు ధరలు ఎంత శాతం పెరుగుతాయనుకుంటున్నారు?

నూకరత్నం గ్యాస్ బండని కొంచెం వంచి చూసింది,
ఎన్నాళ్ళొస్తుందో చేతికే తెలుస్తుంది.
"శాతాలు నాకేటి తెల్సమ్మా.
వందకి రెండు వాటాల నెత్తళ్ళొచ్చేవి.
ఇప్పుడొకటి. అందులో సగం ఐసే.
అది రాసుకో."

ఉద్యోగం?
తలుపెనక మేకుకి ఆయన గేటు పాసు,
ముప్పయ్యొకటితో ఆఖరు.
ఫొటోని గోడవైపు తిప్పి
"ఉంటాదిలే, రాయి" అంది.

మెరుగా, ఇలాగేనా, ఇంకా అధ్వానమా?
మూడే గళ్ళు.

"నీకీ పని ఎన్నాళ్ళే గుంటా?"
"ఈ నెలాఖరు దాకా, పిన్నీ."

ఏ గడీ నొక్కకుండా
ఇద్దరూ స్టవ్ వైపు చూశారు.
సిమ్‌లో పెట్టిన టీ
ఇంకా మరగడం లేదు.