నడుమనే అరుగుతది

రెండంగుళాల ఆట.
చక్రం తిప్పితే రెండంగుళాల దాకా
బండికి వినపడదు.
ఆ తర్వాత, నిద్రల ఉన్నోన్ని ఎవరో తట్టినట్టు,
ముందు టైర్లు కదులుతయి.

పదహారేండ్లు ఆ రెండంగుళాల్లనే బతికిన.
నారాయణపేట పత్తిమిల్లు వేలంల
పదకొండు వేలకు కొన్న ఫియట్టు.
నెత్తిమీద 'బాలమణి డ్రైవింగ్ స్కూల్' బోర్డు,
ఎనక అద్దానికి ఎర్రటి 'ఎల్'.
జడ్చర్ల రోడ్డు ఎంత తిన్నగున్నా
నా చేతులు తిన్నగుండవు:
జర ఇటు, జర అటు,
జొన్నపిండి జల్లెడ పట్టినట్టు.

మొన్న భూత్పూరు చౌరస్తాల
రాయచూరు బస్సు మీదికొచ్చినప్పుడు
ఆ రెండూ మూడైనయి.
డ్రైవరు తల బయటపెట్టి తిట్టబోయి,
"మేడమా!" అన్నడు.
నా దగ్గర నేర్చుకున్నోడే.

మొయిన్ భాయ్ స్టీరింగ్ పెట్టె విప్పిండు.
"పోయినసారి లెక్కనే నట్టు బిగించు" అన్న.
కిరసనాయిలుల కడిగి, పాత బనీనుతో తుడిచి,
వెలుతురుకు పట్టిండు:
"చూడు బాలమణమ్మా,
మనిషి ఎక్కువ తిన్నగనే పోతడు.
అందుకే పండ్లు నడుమనే అరుగుతయి.
ఈ కొస, ఆ కొస చూడు, కొత్తయే.
నడుమకు సరిపోను బిగిస్తే
మూలమలుపుల పట్టేస్తది."

ఇంక అడగలే.
ఇంట్ల ఒకసారి అట్ల బిగించి చూసినదాన్నే.

గోనెసంచి మీద మూడు పెట్టెలు.

ఒకటి బొంబాయిది.
గ్రీజు కాగితం గూడ విప్పలే, నగ మెరిసినట్టు మెరుస్తున్నది.
తిప్పి చూస్తే తెలిసింది,
ఎడమదిక్కు కూసుండి నడిపే దేశానిది.
మన బండికి పెడితే
కుడికి పొమ్మంటే ఎడమకు పోతది.
"అచ్చం మా మామే" అని నవ్విండు కురుమూర్తి,
చేతుల పానా పట్టుకోని.

ఇంకోటి కొత్తది.
నల్లరంగు ఇంకా చేతికంటుతున్నది.
కంపెనీ పేరున్నది గని ఒక అక్షరం తక్కువ.
అనుమానమొచ్చి
పక్కన ఉల్లిగడ్డల ఖలీల్ కాంటా మీద పెట్టించిన.
మా పాతది ఆరు కిలోల ముప్పావు.
ఇది నాలుగున్నర.
తక్కువబడ్డ రెండుంబావు కిలోల ఇనుము
ఏ మలుపుల కావాల్నో ఆ మలుపులనే ఉండదు.

మూడోది కొత్తకోట దగ్గర నుజ్జైన బండిల నుంచి తీసింది.
పండ్లు బాగున్నయి. షాఫ్టు వంకరపోలే.
సీలు కాడ తడి లేదు.
"ఎవరన్న పోయిన్రా?"
మొయిన్ భాయ్ బీడీ ముట్టించుకున్నడు.
"బండి పోయింది. పెట్టె పోలే.
నాకు పెట్టె సంగతే తెలుసు."

కురుమూర్తిది వేరే ఆలోచన:
తుక్కుకొచ్చిన చిన్న కారుల మోటారు పీకి పెడితే
చిటికెనవేలితో తిరుగుతదట.
కాకపోతే బాడీ జర కోయాలె.
"జర అంటే?"
చెయ్యి చాపి చూపెట్టిండు. మోచేతి దాకా.

మూడోదాన్ని కాంటా ఎక్కించిన.
మా పాతదానికంటె ఒక తులం ఎక్కువే తూగింది.
లోపల ఇసుకుండొచ్చు.
ఇంకేమన్న ఉండొచ్చు.
"కడుగు" అన్న.
కడిగిండు.
"మళ్ళ కడుగు."
తొంభై నంబరు ఆయిలు పోస్తే
పుట్టతేనె దిగినట్టు నిమ్మళంగ దిగింది.

పొద్దుగూకేసరికి రోడ్డెక్కిన.
తిప్పితే వింటున్నది. అప్పటికప్పుడే వింటున్నది.
నా చేతులే వినలే.
లేని ఆటను దేవులాడుకుంట
జర ఇటు, జర అటు.
బండి వంకరటింకర పోతుంటే
ఎనక ఆటో ఒకటే హారను.
రాయచూరు బస్సు పిల్లగాడు గూడ
ఇట్లనే ఊపుతుండొచ్చు, నేర్పింది నేనే గద.

తెల్లారి దర్జీ అనసూయమ్మ వచ్చింది.
యాభై రెండేండ్లు, మొదటి రోజు.
కుట్టుమిషను కింద బట్ట సదిరినట్టు
చక్రం మీద రెండు చేతులు మెత్తగ పెట్టింది.
ఏనుగొండ దాకా బండి
సుద్ద గీసిన గీత మీదనే పోయింది.

పక్కసీట్ల నేను
చేతులు ఒళ్ళో పెట్టుకోని కూసున్న.
అవి ఇంకా కదులుతనే ఉన్నయి.

"మేడం, సలి పెడుతున్నదా?"

"లేదు. నువ్వు రోడ్డు చూడు."