ఏటవాలు వెలుతురు

జుగ్దిది బస్టాండులో రెండు రోజులుగా
బస్సులు నోటిమాట మీద నడుస్తున్నాయి.
ఆఫ్తాందిల్ గొంతు పోయింది.
కిటికీ బయట అట్టముక్క కట్టి సుద్దతో రాశాడు:
సెనాకి, పది ఇరవై, బహుశా.
పది ఇరవైని వాన తుడిచేసింది.

మేం వెళ్లేసరికి
మానిటర్ మీద తన కోటు కప్పి కూర్చున్నాడు.
"చచ్చిపోయింది" అన్నాడు టోపీ తీసి.
మ్జెవినార్ ఆ కోటు తీసి అతని ఒళ్లోనే పెట్టింది.
కింది మూలన పచ్చదీపం, పెసరగింజంత.
"ఊపిరాడుతోందిగా."

ముందు తేలికవి చూస్తుంది, ఎప్పుడూ.
ప్లగ్గు పీకి పెట్టింది.
తీగ కొసన పిన్నులు గోటితో లెక్కపెట్టింది,
ఒక్కటీ వంగలేదు. వేరే తీగ పెట్టింది.
బటన్ నొక్కితే కంపెనీ పేరు తళుక్కుమని
నోటిదాకా వచ్చిన మాట మింగేసినట్టు
నల్లబడింది.
"రెండు సెకన్లు. రాసుకో" అంది నాతో.
నేను రాసుకోలేదు. వేళ్లు కొంకర్లు పోతున్నాయి,
పైగా బల్ల మీద గిన్నెడు హేజల్ గింజలున్నాయి.

"దీపం ఆర్పు."
ఆర్పాను.
టార్చి వెలిగించి, తెరకి చెంప ఆనించి
పక్కనుంచి ఏటవాలుగా పట్టింది,
సున్నం కింద పాత రాత వెతికేవాళ్లలా.
ఉంది.
నీళ్లడుగున పడ్డ ఉత్తరంలా
బొమ్మ అక్కడే ఉంది.
బస్సుల పట్టిక కాదు,
పేకముక్కలు.
ఏడు వరసల ఒంటిపేక, సగంలో ఆగింది.

ఆఫ్తాందిల్ దగ్గాడు.
మధ్యాహ్నాలు ఎవరూ రారని ఏదో మొదలెట్టాడు కానీ
గొంతు లేనివాడు ఎంతసేపు బొంకగలడు?
మ్జెవినార్ నవ్వలేదు. టార్చి జరిపింది.
"ఇస్పేటు పది ఖాళీగా ఉంది."
"ఆఠీను తొమ్మిది ఎక్కడ?"
"ఇదిగో... కాదు, ఆరు."
మౌస్ అతని చేతిలో, వెలుతురు ఆమె చేతిలో.
ఆమె చూసింది అతను లాగుతాడు,
తప్పయితే ముక్క వెనక్కి దూకుతుంది.
గుడ్డి కన్నా మెల్ల నయం అంటే ఇదే కాబోలు.
బయట పోతి డ్రైవరు హారన్ మీద పడుకున్నాడు.
నేనే వెళ్లి, నాకు తోచిన టైము చెప్పి
బస్సుని పంపేసి వచ్చాను.

తర్వాత అసలు పని.
ప్లగ్గు పీకినా లోపలి పెద్ద కెపాసిటర్
పాత కోపం దాచుకుని ఉంటుందట.
దాని కాళ్లకి చిన్న బల్బు తగిలిస్తే
ఒక్క క్షణం వెలిగి తేలిపోయింది.
పక్కన మూడు చిన్నవి,
చదునుగా ఉండాల్సిన తలలు
పులిసిన పిండిలా పైకి లేచాయి.
"వీటికే కదా" అన్నాను నిరాశగా.
పాతిక రోజులుగా పనిలో ఉన్నా
ఇంకా పెద్ద రోగమే రావాలని ఉంటుంది నాకు.

రోజనం పొగ. వేడి సీసం వాసన.
మూడోది నా చేతికిచ్చింది.
తెల్లచార అటు ఉండాలి, నేనిటు తిప్పాను.
ఆమె వేలు అడ్డం పెట్టి
తన ఎడమ కనుబొమ్మలో
వెంట్రుకలు మొలవని గీత చూపించింది.
అంతే, ఇంకేం చెప్పలేదు.
నేను తిప్పి పెట్టాను.

బటన్.
రెండు సెకన్లు. మూడు. పదకొండు.
ఆరిపోలేదు.
గదంతా నీలంగా తెల్లారింది,
ఆఫ్తాందిల్ గడ్డంలోని రొట్టెపొడి కూడా కనిపించింది.
అతను ఆత్రంగా ముక్కల మీదకి వంగాడు.
టార్చి వెలుతుర్లో అంతసేపు ఆశపెట్టిన ఆట
మంచి వెలుతుర్లో ఒక్క చూపుకే తేలిపోయింది.
ఇక కదిలే ముక్క లేదు. రాణి రాజు కిందే ఉండిపోయింది.
మూసేసి, పట్టిక తెరిచాడు.

డబ్బులు సగమే ఇచ్చాడు,
మిగతా సగం నా జేబుల్లో గలగలమంటోంది.
వెళ్తూ వెనక్కి చూశాను:
కిటికీ బయట అట్ట మీద
సెనాకి పక్కన పది ఇరవై మళ్లీ దిద్దుతున్నాడు.
బహుశా మాత్రం
తుడవలేదు.